ఫేస్‌బుక్ ఖాతా తీసేశాను: నొక్కే ముందు ఇరవై ఎనిమిది రోజులు, నొక్కాక తొంభై

2025 ఏప్రిల్ 20, ఆదివారం. పొద్దున్నే ఏడున్నరకి నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు.

"మేడమ్, బాబుకి ఎలా ఉందండీ?"

ఏ బాబు అన్నాను.

"మన బాబేనండీ. బెంగళూరులో యాక్సిడెంట్ అయిందన్నారుగా. నా దగ్గర నాలుగు వేలే ఉన్నాయి, అవి వేశాను. సాయంత్రం ఇంకో రెండు సర్దుతాను."

మా వాడు నిజంగానే బెంగళూరులో చదువుతున్నాడు. వెంటనే వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి నిద్రమొహంతో ఎత్తి "ఏంటమ్మా, ఆదివారం కూడానా" అని విసుక్కున్నాడు. అంత కమ్మటి విసుగు నేను ఎప్పుడూ వినలేదు.

సంగతేమిటంటే, ఎవరో నా పేరుతో, నా ఫొటోతో ఇంకో ఖాతా తెరిచి, నా స్నేహితులకు రిక్వెస్టులు పంపి, మెసెంజర్‌లో డబ్బులు అడుగుతున్నారు. "బాబుకి బెంగళూరులో యాక్సిడెంట్. మావారు విజయవాడ డ్యూటీలో ఉన్నారు. నా యూపీఐ పనిచేయడం లేదు, ఈ నంబరుకి వేయండి." మా వాడు బెంగళూరులో ఉన్నాడనీ, మా ఆయన విజయవాడలో పనిచేస్తూ వారానికోసారి వస్తారనీ ఆ దొంగకి ఎవరు చెప్పారు? నేనే. కాలేజీలో దింపి వచ్చిన రోజు ఫొటోలు, "మళ్లీ శనివారం దాకా ఒంటరి కాపురం" అని నేను వేసిన జోకులు, అన్నీ పబ్లిక్‌లోనే ఉన్నాయి.

నాలుగు వేలు పోగొట్టుకున్నవాడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాడు. డబ్బు వెళ్లింది వాడి ఖాతాలోంచి కాబట్టి ఫిర్యాదు వాడే చేయాల్సి వచ్చింది. ఆ నాలుగు వేలు నేను తిరిగి ఇస్తే "మీ దగ్గర తీసుకుంటానా మేడమ్" అని వారం రోజులు తీసుకోలేదు. చివరికి వాళ్లమ్మకి ఫోన్ చేసి పంపించాను.

దొంగ ఖాతా సంగతి. దాని ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి, వేరేవాళ్లలా నటిస్తున్నారని రిపోర్ట్ చేసి, ఎవరిలా అంటే నా అసలు ఖాతా చూపించాలి. నేనూ, మా స్కూలు వాళ్లూ, మా టెన్త్ బ్యాచ్ వాళ్లూ కలిపి ముప్పై మందిమి చేసి ఉంటాం. సోమవారం మధ్యాహ్నానికి అది పోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆదివారం పొద్దున్న నాకు వచ్చిన మొదటి ఆలోచన నా ఖాతా తీసేయడమే. తీసేసినా దొంగది పోదు. పైగా "అసలు మనిషిని నేను" అని చూపించుకోవడానికి నా ఖాతానే ఉండేది కాదు. ఆగమన్నది మా లెక్కల మాస్టారు. ఆయనే ప్రొఫైల్ లాక్ కూడా పెట్టించారు, అంటే స్నేహితులు కానివాళ్లకి ఏమీ కనపడకుండా. ఆ సదుపాయం మన దేశంలో 2020 నుంచీ ఉందట. నేను అప్పుడు చూశాను, మొదటిసారి.

లాక్ పెట్టాక చాలుకదా అన్నారు అందరూ. ఆ రాత్రి నా గోడంతా, అంటే నా పోస్టులన్నీ ఉన్న పేజీ, నేనే ఆ దొంగ కళ్లతో చదివాను. 2010లో మొదలుపెట్టాను. పదిహేనేళ్లు. మా ఇంటి గేటు, స్కూటీ నంబరు, మా అమ్మ ఆపరేషన్ అయిన ఆసుపత్రి గది. ఎవరికి చెప్పుకున్నానో నాకే తెలియలేదు. తీసేద్దామనుకున్నాను. స్కూళ్లకి వేసవి సెలవులు కూడా వచ్చేశాయి, కాబట్టి తీరిక ఉంది.

డీయాక్టివేట్ చేయడం వేరు, డిలీట్ చేయడం వేరు. మొదటిది తలుపు దగ్గరికి వేసి ఊరెళ్లడం లాంటిది. ఖాతా ఎవరికీ కనపడదు, మెసెంజర్ మాత్రం కావాలంటే వాడుకోవచ్చు, మళ్లీ లాగిన్ అయితే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. రెండోది ఇల్లు పడగొట్టడం, మెసెంజర్‌తో సహా. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మాత్రం వాటి మానాన అవి ఉంటాయి. నేను రెండోదే కావాలనుకున్నాను.

ముందు నా సామాను దించుకోవాలి కదా. సెట్టింగ్స్‌లో మన సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు ఉంది. ఏప్రిల్ 27న అడిగాను, గంటలోపే సిద్ధమని వచ్చింది. పదిహేనేళ్ల సరుకు ఇంత త్వరగానా అని మురిసిపోయి తెరిస్తే, ఉన్నది ఒక్క సంవత్సరానిదే. తేదీల దగ్గర "గత ఏడాది" అని ఉన్నది నేను మార్చలేదు. రెండో తప్పు కూడా నాదే. హెచ్‌టీఎమ్‌ఎల్ కావాలా, జేసన్ కావాలా అని అడిగితే, రెండోదేదో కొత్తగా ఉందని అది నొక్కాను. మొదటిది మనం వెబ్ పేజీలా చదువుకునే రూపం, జేసన్ అనేది ప్రోగ్రాములు చదువుకునే రూపం. తెరిస్తే నేను రాసిన తెలుగు ఒక్క అక్షరం లేదు. అంకెలు, గీతలు, ఏవో ఫ్రెంచి అక్షరాల్లాంటివి వరుసగా ఉన్నాయి. నా తెలుగంతా పాడైపోయిందనుకుని గుండె జారిపోయింది. మా వాడు ఫోన్‌లో విని పగలబడి నవ్వాడు. "అది నువ్వు చదివేది కాదమ్మా. మళ్లీ పెట్టు. హెచ్‌టీఎమ్‌ఎల్, మొదటి నుంచి, ఫొటోలు హై క్వాలిటీ."

మళ్లీ పెట్టాను. ఈసారి రెండు రోజులు పట్టింది. నాలుగు జిప్ ఫైళ్లు, మొత్తం ఎనిమిది జీబీ చిల్లర. నాలుగు రోజుల్లోపు దించుకోవాలి, ఆ తర్వాత లింకు పనిచేయదు. నా ఫోన్ ప్యాక్ రోజుకి రెండు జీబీ. లెక్క వేసుకోండి. దాంతో లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా తోడికోడలి ఇంటికి వెళ్లాను, వాళ్లింట్లో వైఫై ఉంది. 850 పెట్టి కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కుని మరీ వెళ్లాను.

పాపం తను కాఫీ ఇచ్చి పక్కనే కూర్చుంది. "ఏముంటుందక్కా అందులో, చూపించు" అంది. తెరిచాను. పోస్టులు, ఫొటోలు, ఎవరి రిక్వెస్టు ఎప్పుడు కాదన్నానో తేదీలతో సహా, నన్ను తమ జాబితాలో పెట్టుకున్న ప్రకటనల కంపెనీలు, అందులో నేను పేరు కూడా వినని కార్ల వాళ్లు, ఇళ్ల స్థలాల వాళ్లు. ఆ కిందది "సెర్చ్ హిస్టరీ". అనాలోచితంగా నొక్కాను. వరుసగా మా తోడికోడలి పేరే. 2016లో మా ఇద్దరికీ మాటల్లేని ఎనిమిది నెలలూ నేను రోజు విడిచి రోజు తన పేజీ చూశానని అక్కడ టైముతో సహా రాసి ఉంది. తను చూసింది. నేను చూశానని తనకు తెలిసింది. "ఇంకో కాఫీ తాగుతావా అక్కా" అంది. తాగుతానన్నాను. ఆ ఫైల్ మీరు ఒంటరిగా తెరవండి.

ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే అసలు లోటు అప్పుడు తెలిసింది. నేను రాసినవి ఉన్నాయి. ఇతరుల పోస్టుల కింద నేను పెట్టిన కామెంట్లు కూడా ఉన్నాయి. నా పోస్టుల కింద ఇతరులు రాసినవి మాత్రం దాదాపు లేవు.

మా స్కూల్లో తెలుగు మాస్టారు ఉండేవారు. 2014లో రిటైరయ్యారు, 2021లో పోయారు. నేను జీవశాస్త్రం టీచర్ని, రాయడం సరదా, తప్పులు ఎక్కువ. నేను ఏం రాసినా ఆయన మెచ్చుకునేవారు కాదు. కింద ఒక తప్పు పట్టుకుని వెళ్లిపోయేవారు. "అర్ధం అంటే సగం అమ్మాయ్. నీకు సగమే తెలిసిందా, మొత్తం తెలిసిందా?" "విద్యార్థులు అమ్మాయ్, విధ్యార్థులు కాదు. పిల్లల మీద అంత బరువు పెట్టకు." "శ్రద్ధలో వత్తు మింగేశావ్, అదే నీ శ్రద్ధ." నేను వెంటనే పోస్టు దిద్దేసుకునేదాన్ని. అందుకని ఇప్పుడు పైన చూస్తే తప్పు ఉండదు, కింద ఆయన కోపం మాత్రం ఉంటుంది. కొత్తవాళ్లు చదివితే ఈ పెద్దాయన ఎందుకు అరుస్తున్నాడో బోధపడదు.

దించుకున్న ఎనిమిది జీబీలో నా దిద్దిన పోస్టులున్నాయి. ఆయన లేరు. ఆయన ఖాతా ఇంకా ఉంది, అయినా నా పోస్టు పోతే దాని కింది కామెంటు కూడా పోతుంది.

మే 5 నుంచి 16 వరకు రోజూ మధ్యాహ్నం, బయట ఎండ మండుతుంటే, నేను ఫోన్‌లో వెనక్కి జరుపుకుంటూ స్క్రీన్‌షాట్లు తీశాను. 2020 నుంచి 2012 దాకా. ఆయనవి మొత్తం 63 దొరికాయి. తీస్తూ తీస్తూ మిగతావాళ్లవీ తీయాలనిపించింది, కొన్ని తీశాను, అన్నీ నా వల్ల కాలేదు. ఖాతా తీసేయడంలో ఎక్కువ సమయం తిన్నది ఇదే. నేను కదా తీసేస్తున్నది, నావి కదా పోయేవి అనుకుంటాం. ఆ గోడ మీద సగం చేతిరాత వేరేవాళ్లది.

మిగతా పనులు చిన్నవే గానీ మరిచిపోతే ఇబ్బంది. మా స్కూలు పేజీకి పూర్తి అధికారం నా ఒక్కదానికే ఉంది, నేను పోతే అది కూడా పోతుంది. లెక్కల మాస్టారికి అప్పగించాను. మా 1993 టెన్త్ బ్యాచ్ గ్రూపుకీ నేనే అడ్మిన్ని. డల్లాస్‌లో ఉన్న స్నేహితురాలిని తీసుకోమంటే, "నువ్వే వెళ్లిపోతుంటే నాకెందుకే ఈ గోల" అని వారం నానబెట్టి ఒప్పుకుంది. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే యాప్‌ల జాబితా చూస్తే 23 ఉన్నాయి. సగం ఏమిటో నాకే గుర్తులేదు. ముఖ్యమనుకున్న నాలుగింటికి ఫోన్ నంబరుతో లాగిన్ మార్చుకున్నాను. అన్నీ చూశాననే అనుకున్నాను.

స్నేహితులకి చెప్పాలా వద్దా? "సెలవు" అని పోస్టు పెట్టి రెండొందల కామెంట్లు తెప్పించుకుని, వాటికి పొంగిపోయి ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. నేను రెండు లైన్లు రాసి నా ఊరి పేరు, మెయిల్ ఇచ్చాను. అది ఎంతమందికి కనపడిందో మరి.

మే 18, ఆదివారం రాత్రి. సెట్టింగ్స్, అందులో అకౌంట్స్ సెంటర్, అందులో పర్సనల్ డీటెయిల్స్, అందులో అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్, అందులో డీయాక్టివేషన్ ఆర్ డిలీషన్. కారణం అడిగింది. డౌన్‌లోడ్ చేసుకున్నారా అంది. చివర్లో పాస్‌వర్డ్ అడిగింది. నా ఫోన్‌లో ఏళ్ల తరబడి తెరిచే ఉంది కదా, పాస్‌వర్డ్ నేను ఎప్పుడు కొట్టాను గనక! మార్చుకుందామంటే కోడ్ వెళ్లేది పాత మెయిల్‌కి, దాని పాస్‌వర్డ్ అసలే గుర్తులేదు. ఫోన్ నంబరు మీద ప్రయత్నిస్తే వచ్చింది. బతికించింది. మీరు మొదటి రోజే పాస్‌వర్డ్ సరిచూసుకోండి. నాకైతే ఆ అరగంటలో ఆవేశమంతా చల్లారిపోయింది, రేపు చూద్దాంలే అని కూడా అనిపించింది. రాత్రి పదీ నలభైకి నొక్కాను.

ఏమీ జరగలేదు. లాగౌట్ అయింది, అంతే. మనసు మార్చుకుంటే జూన్ 17 లోపు రద్దు చేసుకోవచ్చని తేదీ చూపించింది. ముప్పై రోజుల గడువు. ఒకప్పుడు పద్నాలుగు రోజులే ఉండేదట, 2018లో పెంచారు.

మొదటి వారం బొటనవేలు దానంతట అదే వెళ్లేది, యాప్ ఉండే చోటికి. అక్కడ ఇప్పుడు కాలిక్యులేటర్ ఉంది. రోజుకి పదిసార్లు కాలిక్యులేటర్ తెరిచాను. నిద్ర కొంచెం బాగుపడిందని అందరూ రాస్తారు, నాకేమీ పడలేదు. యూట్యూబ్ చూశాను.

రెండో వారంలో మా పెదనాన్నగారి అమ్మాయి ఫోన్ చేసి ఎత్తగానే ఏడుపు గొంతుతో "నేనేం చేశానని బ్లాక్ చేశావ్?" అంది. నిన్ను కాదే, ఎవరికీ కనపడను అంటే నమ్మలేదు. వాళ్ల ఆయన ఫోన్‌లో కూడా వెతికి, అక్కడా లేనని చూసుకున్నాక శాంతించింది. ఇలాంటివి నాలుగు ఫోన్లు వచ్చాయి. రానివాళ్ల సంగతి నాకు తెలియదు. మాతో పనిచేసి బదిలీ అయిన టీచర్ కూతురి పెళ్లికి పిలుపు మెసెంజర్‌లో వచ్చిందట. పెళ్లయిన తొమ్మిది రోజులకి తెలిసింది. ఆవిడ ఇప్పటికీ ముభావంగానే ఉంది.

జూన్ 6న, పంతొమ్మిదో రోజు, మా బ్యాచ్‌లో ఒకతని తల్లి పోయారని నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. గ్రూపులో అందరూ రాసి ఉంటారు, చూద్దామని లాప్‌టాప్‌లో లాగిన్ అయ్యాను. గ్రూపు రాలేదు. ఫలానా తేదీకి ఖాతా శాశ్వతంగా పోతుంది, రద్దు చేసుకుంటారా, బయటికి వెళ్తారా అని ఒక పేజీ వచ్చింది. లాగిన్ అయితేనే డిలీట్ రద్దయిపోతుందని చాలామంది అనుకుంటారు. నాకు అలా కాలేదు, ఆ బటన్ నొక్కితేనే రద్దు. లాగిన్ చాలేది డీయాక్టివేట్‌కి. కాసేపు ఆ పేజీ అలాగే పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత బయటికొచ్చి, ఆ స్నేహితుడికి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. గ్రూపులో అయితే రెండు చేతుల బొమ్మ పెట్టి ఊరుకునేదాన్ని.

జూన్ 17, మంగళవారం. స్కూళ్లు తెరిచి ఐదు రోజులైంది, కొత్త ఆరో తరగతి పిల్లల గోలలో ఆ తేదీ మరిచేపోయాను. 19న గుర్తొచ్చి ప్రయత్నిస్తే ఆ వివరాలతో ఖాతా లేదంది. అయినా వాళ్ల బ్యాకప్‌లలోంచి మొత్తం పోవడానికి మొదటి రోజు నుంచి లెక్కేసి తొంభై రోజుల దాకా పట్టొచ్చట. నా లెక్కకి ఆగస్టు 16.

జూన్ 28న మొక్కల్ని గుర్తుపట్టే ఒక యాప్ తెరవబోయాను. పిల్లలతో కలిసి తీసిన మొక్కల ఫొటోలు, మూడొందలకు పైగా, పేర్లతో సహా అందులో దాచుకున్నాను. "ఫేస్‌బుక్‌తో కొనసాగండి" అంది. ఆ 23లో నేను వదిలేసింది ఇదన్నమాట. వాళ్లకి మెయిల్ రాస్తే, ఖాతాకి ఉన్న మెయిల్ చెప్పండి అన్నారు. నేను మెయిల్ ఇచ్చి తెరవలేదు. ఇంకో రెండు ఉత్తరాలు నడిచాయి, అంతే. ఈ ఏడు మళ్లీ తుమ్మి మొక్క నుంచి మొదలుపెట్టాం.

జూలైలో డల్లాస్ స్నేహితురాలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. 2013లో మెసెంజర్‌లో మా ఇద్దరి కబుర్లు. తన మాటలు ఉన్నాయి, నా మాటలూ ఉన్నాయి. మా ఇంకో స్నేహితురాలి గురించి నేను చెప్పకూడనివి కూడా ఉన్నాయి. పైన నా పేరున్న చోట "ఫేస్‌బుక్ యూజర్" అని ఉంది, ఫొటో బదులు బూడిదరంగు బొమ్మ. మనం పంపిన సందేశాలు అవతలివాళ్ల పెట్టెలో అలాగే ఉంటాయి. నేను దించుకున్న దాంట్లోనూ అలాంటి "యూజర్"లు ముగ్గురున్నారు. ఒకరు 2011లో నాకు నెలరోజులు రోజూ శుభోదయం చెప్పారు. ఎవరో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆగస్టు 16, శనివారం. కృష్ణాష్టమి, సెలవు. ఆ 63 స్క్రీన్‌షాట్లూ పేజీకి నాలుగు చొప్పున మా తెనాలి బజారులో ప్రింటు తీయించాను. రెండు కాపీలు. పేజీకి మూడు రూపాయలు, స్పైరల్ బైండింగ్ ఒక్కోదానికి నలభై, మొత్తం 176. షాపులో కుర్రాడు "ఏంటండీ ఇది, తిట్ల పుస్తకమా" అన్నాడు.

ఒకటి తీసుకెళ్లి మాస్టారి భార్య చేతిలో పెట్టాను. పిన్నిగారికి ఫోన్ చూడటం రాదు, ఆయన ఇన్ని రాశారని తెలియదు. కళ్లజోడు పెట్టుకుని పీట మీద కూర్చుని మొదటి పేజీ నుంచి వరుసగా చదివారు. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చినా తల ఎత్తలేదు. "ఇన్నేళ్లూ నిన్ను ఇలా సతాయించారా" అన్నారు. పదకొండో పేజీలో ఆగారు. వేలు పెట్టి చూపించారు. శ్రద్ధ గురించి నన్ను తిట్టిన కామెంటు.

"ఇదేమిటే, వత్తు అని రాశారు. అక్షరానికి పెట్టేది ఒత్తు కదూ. వత్తి దీపానికి పెట్టేది."

మళ్లీ చదివాను. నిజమే.

"ఇంత పెద్దది దొరికితే ఆయన ఉన్నప్పుడే నాకు చెప్పొద్దూ" అని పిన్నిగారు ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నారు.